హాలీ రూపాయి, కల్దార్ రూపాయి: మన సరిహద్దు నేర్పిన ధరల లెక్క



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన కార్యవర్గం వారు అడిగినప్పుడు, రాజుల గురించి, యుద్ధాల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు గనుక, నేను నా ఉద్యోగానికి దగ్గరగా ఉన్న రూపాయి గురించి రాద్దామనుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా ట్రెజరీలో బిల్లులు చూసినవాణ్ణి. డబ్బు లెక్క తప్ప నాకు మరొకటి పెద్దగా తెలియదు.

దీనికి ఒక కారణం కూడా ఉంది. 2017లో అమెరికాలో ఉన్న మా మనవడు ఫోనులో మాట్లాడుతూ, "తాతయ్యా, మీ నెల పెన్షను ఇక్కడ నా ఇంటి అద్దెలో సగానికి కూడా రాదు" అన్నాడు. వాడు వెక్కిరించలేదు, జాలిపడ్డాడు. అయినా ఆ మాట కొన్నాళ్లు మనసులో మెదిలింది. నా పెన్షను నిజంగా అంత చిన్నదా? అయితే మేమిద్దరం ఆ డబ్బుతోనే నెలంతా భోంచేసి, మందులు కొనుక్కుని, పండుగకు మనవరాలికి బట్టలు పెట్టి, కాస్తో కూస్తో మిగుల్చుకోగలుగుతున్నామే, అదెలా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే అది చివరికి మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలోనే దొరికింది.

వేదాద్రి తిరునాళ్లలో రెండు రూపాయలు

మా నాయనమ్మ వేదాద్రి తిరునాళ్ల గురించి చెప్పేటప్పుడు ఒక మాట తప్పకుండా అనేది. కృష్ణలో స్నానం చేసి, యోగానంద లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, మెట్లు దిగి గాజుల దుకాణం దగ్గరకు పోతే, దుకాణదారు ధర చెప్పే ముందు "హాలీయా, కల్దారా?" అని అడిగేవాడట. అటు నైజాం నుంచి వచ్చిన భక్తుల కొంగులో హాలీ సిక్కా ఉండేది. ఇటు కృష్ణా జిల్లా వారి దగ్గర కంపెనీ రూపాయి, అంటే కల్దారు ఉండేది. తిరునాళ్లలో రెండూ చెల్లేవి, కానీ ఒకే విలువకు కాదు. 6 కల్దారు రూపాయలకు 7 హాలీ రూపాయలు. నాయనమ్మకు అక్షరం ముక్క రాదు గానీ ఈ ఏడు, ఆరు లెక్క మాత్రం నోటికి వచ్చు.

ఈనాటి పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. పాలేటి వంతెన దాటి కోదాడ వెళితే రూపాయి మారుతుందా అని అడుగుతారు. మారేది. పాలేటికి ఇవతల మద్రాసు రాష్ట్రం, అవతల హైదరాబాదు సంస్థానం. మధ్యలో కరోడ్‌గిరి నాకా, అంటే సుంకాల ఠాణా. భాష ఒకటే, బంధుత్వాలు ఒకటే, పంటలు దాదాపు ఒకటే. రూపాయి మాత్రం వేరు.

మన నందిగామ తాలూకాలో ఈ సరిహద్దు తిన్నగా కూడా ఉండేది కాదు. మునగాల పరగణా కృష్ణా జిల్లాలో భాగమే, నందిగామ తాలూకా కిందే ఉండేది. కానీ దాని చుట్టూ నైజాం భూమి. మునగాల రైతు నందిగామ కచేరీకి రావాలంటే పరాయి ప్రభుత్వం నేల మీదుగా రావాలి. అలాగే పరిటాల, దాని చుట్టుపక్కల కొన్ని గ్రామాలు చుట్టూ కంపెనీ సీమ ఉన్నా నిజాంవే. 1766 ఒప్పందంలో ఉత్తర సర్కారులను కంపెనీకి ఇచ్చేటప్పుడు, వజ్రాల గనులున్న గ్రామాలను నిజాం తన కింద ఉంచుకోవడమే దానికి కారణం. మునగాల తర్వాత నల్లగొండ జిల్లాలో కలిసి, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. పరిటాల మనకే వచ్చింది.

ప్రపంచంలో అర్థశాస్త్రజ్ఞులు రెండు దేశాల ధరలను, మారకపు రేటును పోల్చి చూడడానికి ఎన్నో ఏళ్లు తంటాలు పడ్డారు. ఆ పరీక్షకు కావలసిన సరంజామా అంతా, ఒకే భాష, ఒకే పంట, రెండు నాణేలు, మధ్యలో ఒక నాకా, మన తాలూకాలో సిద్ధంగా ఉండేది.

మాంధాత చేయి ఎత్తితే

జగ్గయ్యపేటకు ఆ పేరు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు మీద పెట్టినది. ఊరి పాత పేరు బేతవోలు. అక్కడి ధనంబోడు మీద ఉన్న బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించి చూశారు. అందులో దొరికిన శిల్పాల్లో ఒకటి మాంధాత చక్రవర్తిది. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. చక్రవర్తి చేయి పైకెత్తి నిలబడి ఉంటాడు. మేఘాల నుంచి చదరపు నాణేలు వానలా రాలుతుంటాయి. రెండు వేల ఏళ్లకు పైబడిన శిల్పం అది.

ఆ ఫొటో చూసినప్పుడు మొదట సంతోషం కలుగుతుంది. తర్వాత ట్రెజరీ బుద్ధి మేల్కొంటుంది. నిజంగా ఊరందరి ఇళ్ల మీద నాణేలు కురిస్తే ఏమవుతుంది? కందులు పెరగవు, నెయ్యి పెరగదు, ఎడ్లు పెరగవు. డబ్బు మాత్రం పెరుగుతుంది. వారం తిరక్కుండా ధరలు పెరుగుతాయి. అప్పుడు పక్క రాజ్యం షరాబు ఈ ఊరి నాణేన్ని పాత విలువకు తీసుకుంటాడా? తీసుకోడు, వట్టం కోస్తాడు.

ఇదే మాటను 1918లో స్వీడన్ అర్థశాస్త్రజ్ఞుడు గుస్తావ్ కాసెల్ సిద్ధాంతంగా చెప్పి, దానికి కొనుగోలు శక్తి సమానత అనే పేరు పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఐరోపా దేశాలు ఇష్టమొచ్చినట్లు నోట్లు అచ్చువేశాయి. యుద్ధం తర్వాత ఏ దేశం డబ్బును ఏ రేటుకు మార్చాలో ఎవరికీ పాలుపోలేదు. కాసెల్ చెప్పింది స్థూలంగా ఇది. ఒక దేశపు డబ్బును మనం తీసుకునేది దాంతో అక్కడ ఏదో కొనవచ్చు గనుక. కాబట్టి రెండు దేశాల్లో ధరలు ఎలా ఉన్నాయో చూస్తే వాటి మారకపు రేటు ఎక్కడ ఉండాలో తెలుస్తుంది. ఒక దేశంలో ధరలు రెట్టింపై, రెండో దేశంలో కదలకపోతే, మొదటి దేశపు డబ్బు విలువ సగానికి పడాలి. పదహారో శతాబ్దంలో స్పెయిన్ పండితులు కూడా ఇలాంటి మాటే అన్నారు. అమెరికా ఖండం నుంచి వచ్చిపడిన వెండి వల్ల వారి దేశంలో ధరలు పెరగడం చూసి వారికా ఆలోచన కలిగింది.

విచిత్రమేమిటంటే అదే 1918లో, యుద్ధం వల్ల వెండికి కరువొచ్చి, నిజాం ప్రభుత్వం కూడా కాగితం నోట్ల చట్టం తెచ్చి హాలీ నోట్లు వేయించింది.

మొదటి పరీక్ష: తూకం

ఏడుకు ఆరు అనే లెక్క ఎవరో ఊరికే పెట్టినది కాదు. 1835లో కంపెనీ ప్రభుత్వం తన సీమ అంతటికీ ఒకే రూపాయి పెట్టింది. దాని బరువు ఒక తులం, అంటే మన గ్రాముల్లో 11.66. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో వెయ్యికి 818 పాళ్లు వెండి. అంటే కల్దారులో దాదాపు 10.69 గ్రాముల వెండి ఉంటే, హాలీలో 9.14 గ్రాములు.

సరి చూద్దాం. 100 కల్దారు రూపాయల్లో 1,069 గ్రాముల వెండి. 7:6 లెక్కన 100 కల్దారుకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ. అందులో ఉండే వెండి దాదాపు 1,067 గ్రాములు. తేడా మూడు గ్రాముల లోపే. త్రాసు పట్టుకున్న షరాబు చేసిన పని అది. సర్కారు లెక్క కూడా దానికి దగ్గరగానే నిలిచింది.

అయితే వెండి ఒక్కటే కాపాడిందని అనడానికి లేదు. 1893 జూన్‌లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం, ప్రజలు తెచ్చిన వెండిని రూపాయలుగా కొట్టి ఇవ్వడం ఆపేసింది. ఆనాటి నుంచి కల్దారు విలువ దానిలోని వెండి విలువతో తెగిపోయింది. రూపాయి పైకి పోయింది, వెండి కిందికి పోయింది. హాలీ మారకం నిలకడ తప్పింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సైఫాబాదు టంకశాలలో చార్మినార్ బొమ్మతో యంత్రాల మీద కొట్టిన కొత్త రూపాయలు వచ్చి, మారకాన్ని నిలిపే పని నిజాం ప్రభుత్వం చేతుల్లోకి తీసుకున్నాకే అది మళ్లీ కుదుటపడింది. 1942లో హైదరాబాదు స్టేట్ బ్యాంకు పని మొదలుపెట్టాక ఆ బాధ్యత దానికి వచ్చింది.

రెండవ పరీక్ష: నాకా దాటే సరుకు

మా తాతయ్య కందులు, మిరపకాయల వ్యాపారం చేసేవాడు. వ్యాపారికి సిద్ధాంతాలు అక్కర్లేదు. జగ్గయ్యపేటలో ఒక సరుకు 6 కల్దారు రూపాయలైతే, కోదాడలో అది 7 హాలీ రూపాయల దగ్గర ఉండాలి. అక్కడ 9 పలికితే ఇక్కడ కొని అక్కడ అమ్ముతాడు. 5 పలికితే అక్కడ కొని ఇక్కడికి తెస్తాడు. ఇలా పదిమంది బండ్లు కడితే ధరలు మళ్లీ దగ్గరకు వస్తాయి. కొనుగోలు శక్తి సమానత అనే పెద్దమాట నిలబడేది ఈ ఎడ్లబండి మీదే.

కానీ బండి ఊరికే పోదు. నిజాం ప్రభుత్వం, కంపెనీ మధ్య 1802లో జరిగిన వాణిజ్య ఒప్పందం ప్రకారం సుంకం నూటికి 5. తర్వాతి కాలంలోనూ సాధారణంగా ఆ పద్ధతే సాగింది. దిగుమతి మీదా, ఎగుమతి మీదా కూడా సుంకం ఉండేది. లెక్క వేసి చూద్దాం. 100 కల్దారు రూపాయల సరుకు మారకం ప్రకారం 116-10-8 హాలీ. దాని మీద నూటికి 5 సుంకం కలిపితే 122 రూపాయల 8 అణాలు. కాబట్టి కోదాడలో ధర 122-8-0 దాటితేనే ఇక్కడి నుంచి పట్టుకుపోవడం గిట్టుబాటు. అలాగే ధర సుమారు 111 హాలీకి దిగితేనే అక్కడి నుంచి తేవడం గిట్టుబాటు. బండి కిరాయి దీనికి అదనం.

అంటే 111కు, 122కు మధ్య ధర ఎక్కడున్నా వ్యాపారి కదలడు. ఆ మేర మారకపు రేటు చెప్పేది ఒకటి, బజారు ధర చెప్పేది మరొకటి. ఇందులో ఎవరి తప్పూ లేదు. నాకాకు రెండు వైపులా ధరలు ఎందుకు సమం కావు అని అడిగేవారికి మొదటి జవాబు ఇదే.

నాకా పూర్తిగా మూసేస్తే? అదీ మన కళ్ల ముందే జరిగింది. 1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం మీద సంతకాలయ్యాక కొద్ది రోజులకే, భారత రూపాయి హైదరాబాదు సంస్థానంలో చెల్లదని, బంగారం వెండి బయటకు పోరాదని నిజాం ప్రభుత్వం ఆర్డినెన్సులు తెచ్చింది. 1948లో ఇటు నుంచి సరుకుల రాకపోకలు బిగిశాయి. రజాకార్ల భయంతో అటు నుంచి కుటుంబాలు మన సరిహద్దు గ్రామాలకు తరలివచ్చాయి. కాగితం మీద 7:6 అలాగే ఉంది. కానీ బండి కదలనప్పుడు ఆ అంకెలకు అర్థమేముంది? ఇక్కడ గింజలున్నా అక్కడివారికి అందవు. మారకపు రేటు మాట నిజం కావాలంటే దారి తెరిచి ఉండాలి. 1948 సెప్టెంబరులో సైన్యం విజయవాడ వైపు నుంచి ఆ దారినే వెళ్లింది. ఆ తర్వాత నాకాలు ఒక్కటొక్కటిగా పోయాయి.

మూడవ పరీక్ష: నాకా దాటనివి

ఇప్పుడు మూడో సంగతి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. కందులు నాకా దాటుతాయి. బెల్లం దాటుతుంది. ఇంటి అద్దె దాటదు. క్షవరం దాటదు. అరక కూలి దాటదు. కోదాడలో క్షవరం చవక అని జగ్గయ్యపేట మనిషి బండి కట్టుకుని వెళ్లడు. ఇలాంటివాటి ధరలను సమం చేసే వ్యాపారి ఎవడూ ఉండడు. ఇవి ఆ ఊరి కూలి రేట్లను బట్టి, ఆ ఊరి ఆదాయాలను బట్టి ఉంటాయి.

ఇది ఎవరికి బాగా తగిలిందో చెబుతాను. నేను కొంతకాలం హైదరాబాదులో పనిచేసినప్పుడు పాత సర్వీసు పుస్తకాలు చూసేవాణ్ణి. వాటిలో జీతం అంకెల పక్కన ఒకచోట ఓ.ఎస్. అని, మరోచోట ఐ.జి. అని ఉండేది. ఓ.ఎస్. అంటే ఉస్మానియా సిక్కా, అదే హాలీ. ఐ.జి. అంటే ఇండియా ప్రభుత్వపు రూపాయి. 1950లో సంస్థానంలో భారత రూపాయి చెలామణిలోకి వచ్చింది. కొన్నేళ్లు రెండూ కలిసి తిరిగాయి. 1959 నాటికి హాలీ పూర్తిగా వెళ్లిపోయింది. మార్పిడి 7కు 6.

ఆ పాత ఉద్యోగుల్లో నాకు పై అధికారిగా పనిచేసిన పెద్దాయన ఒకరు ఈ విషయం అడిగితే నవ్వి, "లెక్క ప్రకారం అన్యాయం లేదండీ. 140 హాలీ జీతం 120 ఐ.జి. అయింది. వెండి లెక్కన అదీ ఇదీ ఒకటే. కానీ హోటల్లో అణా టీ అణా టీగానే ఉంది. ఆ అణా మాత్రం మారింది" అన్నారు. ఆలోచించి చూడండి. హాలీ అణాకు దొరికే టీకి ఐ.జి. అణా ఇస్తే, ఆరు రూపాయలకు ఏడు రూపాయల విలువ ఇచ్చినట్టే. అంటే ఆ టీ ధర నూటికి సుమారు పదిహేడు పెరిగినట్టు. 20 హాలీ అద్దె లెక్క ప్రకారం 17 రూపాయల 2 అణాల చిల్లర కావాలి. ఇంటివాడు చిల్లర ఎందుకని 18 అన్నాడట. పెద్ద బజారులో గల్లా మీద అమ్మే గుడ్డ ధర మాత్రం వెంటనే సరిగ్గా మారిపోయింది, ఎందుకంటే ఆ గుడ్డ బొంబాయి నుంచి వచ్చేది.

ఆయన మాట నాకు పుస్తకంలోని పేజీ కంటే బాగా అర్థమైంది. జీతం ఒక్క రోజులో, ఒక్క ఉత్తర్వుతో మారుతుంది. ధరలు ఒక్కోటి ఒక్కో వేగంతో మారతాయి. మధ్యలో నలిగేది నెల జీతగాడు, పెన్షనుదారు.

పెద్ద ప్రపంచంలో ఇదే కథ

ఈ లెక్క తప్పితే ఎంత నష్టమో చూపే సంగతి మన దేశానిదే ఒకటి ఉంది. 1926లో హిల్టన్ యంగ్ కమిషన్ రూపాయి విలువను ఒక షిల్లింగు ఆరు పెన్నీలుగా నిలపమంది. యుద్ధానికి ముందు అది ఒక షిల్లింగు నాలుగు పెన్నీలు. దేశంలో ధరలు కొత్త రేటుకు ఇప్పటికే సర్దుకున్నాయి కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదని కమిషన్ వాదన. సర్దుకోలేదని, రైతు నష్టపోతాడని సర్ పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ అసమ్మతి రాశారు. ఇద్దరూ వాదించినది కాసెల్ సిద్ధాంతం మీదే. ధరలు రేటుకు తగ్గట్టు వచ్చాయా, రాలేదా అన్నదే ప్రశ్న. పాత రేటుకు విలాయతులో ఒక పౌను పలికే సరుకుకు రైతుకు 15 రూపాయలు. కొత్త రేటుకు 13 రూపాయల 5 అణాల 4 పైసలు. శిస్తు మాత్రం రూపాయల్లో కదలకుండా అలాగే ఉంది. 1927లో చట్టం కమిషన్ చెప్పినట్టే వచ్చింది. హాలీ కల్దారుకు కట్టి ఉన్నది గనుక కోదాడ రైతు గతి కూడా అదే. 1929 తర్వాత ప్రపంచమంతా ధరలు కూలినప్పుడు ఆ బరువు మరింత తెలిసింది.

తర్వాతి కాలంలో ఎందరో ఈ సిద్ధాంతాన్ని అంకెలతో పరీక్షించారు. వారు తేల్చినది మన సరిహద్దు చెప్పినదానికి దూరంగా లేదు. 1964లో బేలా బలస్సా, పాల్ శామ్యూల్సన్ వేర్వేరుగా ఒక సంగతి వివరించారు. ధనిక దేశంలో యంత్రాల వల్ల కార్ఖానా కార్మికుడు ఎక్కువ సరుకు తీస్తాడు, అతని కూలి పెరుగుతుంది. ఆ కూలిని చూసి అక్కడి క్షవరం చేసే అతను కూడా తన రేటు పెంచాలి, లేకపోతే అతనూ కార్ఖానాకే పోతాడు. న్యూజెర్సీలో అతను గంటకు చేసే క్షవరాలు నందిగామలో చేసేవాటికంటే ఎక్కువేమీ కావు. అయినా అక్కడ ఖరీదు ఎన్నో రెట్లు. అందుకే పేద దేశాల్లో జీవనం మారకపు రేటు చెప్పేదానికంటే చవక.

1996లో ఛార్లెస్ ఎంగెల్, జాన్ రోజర్స్ అమెరికా, కెనడా నగరాల ధరలు పోల్చి, ఒకే దేశంలో దూరంగా ఉన్న ఊళ్ల మధ్య కంటే సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఊళ్ల మధ్య ధరల కదలికలో తేడా ఎక్కువని చూపారు. అదే ఏడాది కెనెత్ రోగాఫ్ అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నీ కూర్చి చెప్పినదేమంటే, మారకపు రేటు ధరల లెక్క నుంచి పక్కకు పోతే, ఆ తేడాలో సగం తగ్గడానికే 3 నుంచి 5 ఏళ్లు పడుతుంది. సిద్ధాంతం అబద్ధం కాదు, కానీ నిదానం. అన్నేళ్లు ఆగడం దేశానికి చెల్లుతుంది. మన వయసు వారికి 5 ఏళ్లు చిన్న గడువు కాదు.

ఇక మా మనవడి మాట

దేశాల మధ్య నిజమైన కొనుగోలు శక్తిని కొలవడానికి ఐక్యరాజ్యసమితి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 1968లో ఒక పని మొదలుపెట్టాయి. మొదటి విడతలో 1970 సంవత్సరానికి లెక్కకట్టిన పది దేశాల్లో మన దేశమూ ఉంది. ఇప్పుడా పని ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో సాగుతోంది. బియ్యం నుంచి ఇంటి అద్దె దాకా, క్షవరం నుంచి ఆస్పత్రి దాకా ధరలు సేకరించి ఒక్కో దేశపు డబ్బుకు లెక్క తేలుస్తారు. 2017 సంవత్సరానికి వారు తేల్చినది, అమెరికాలో ఒక డాలరుకు వచ్చేవి సగటున మన దేశంలో 20 రూపాయల 65 పైసలకు వస్తాయని. ఆ ఏడు మారకపు రేటు మాత్రం డాలరుకు 65 రూపాయల 12 పైసలు.

మన పెన్షనుకు ఈ లెక్క అన్వయించి చూద్దాం. నెలకు 40,000 రూపాయలు అనుకోండి. 2017 మారకం ప్రకారం అది 614 డాలర్లు. మా మనవడు చూసినది ఈ అంకె. కొనుగోలు శక్తి ప్రకారం చూస్తే అది దాదాపు 1,937 డాలర్లు. మూడు రెట్లకు పైన. మేమిద్దరం ఇక్కడ ఎలా నెట్టుకొస్తున్నామో వాడికి ఎందుకు అర్థం కాలేదో, నాకు దీంతో అర్థమైంది. వాడు హాలీని కల్దారు లెక్కలో చూశాడు, కానీ ఏ బజారులో ఖర్చుపెడతామో చూడలేదు.

అయితే ఈ అంకె చూసి మురిసిపోకూడదు కూడా. 20.65 అన్నది సగటు. నాకా దాటే సరుకుకు అది వర్తించదు. సెల్‌ఫోను, విమానం టికెట్టు, బయటి నుంచి వచ్చే వైద్య పరికరం, పెట్రోలు, వీటికి మనం ప్రపంచ ధరే చెల్లించాలి. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లే సభ్యులు ఇది బాగా గుర్తుంచుకోవాలి. అక్కడ విమానం దిగిన క్షణం నుంచి మన పెన్షను 1,937 కాదు, 614 మాత్రమే. అక్కడ జబ్బు చేస్తే బిల్లు అక్కడి లెక్కలోనే వస్తుంది. కాబట్టి ప్రయాణపు బీమా లేకుండా బయలుదేరవద్దు. పిల్లలు కూడా ఒకటి తెలుసుకోవాలి. వాళ్లు పంపే 200 డాలర్లు వాళ్లకు ఒక వారం సరుకులు కావచ్చు. ఇక్కడ ఒక ముసలి దంపతులకు అది నెలలో చాలా భాగం గడిచే డబ్బు.

మన కరువు ఉపశమనం, అంటే డి.ఆర్. కూడా ఇలాంటి లెక్కే. దేశంలో 88 పారిశ్రామిక కేంద్రాల్లో ధరలు సేకరించి, 2016ను 100గా పెట్టుకుని కార్మికుల ధరల సూచీ కడతారు. కొనుగోలు శక్తి సమానత ఒక చోటికి, మరో చోటికి మధ్య లెక్క. డి.ఆర్. నిన్నటికి, నేటికి మధ్య లెక్క. రెండింటిలోనూ అడిగే ప్రశ్న ఒకటే: ఈ డబ్బుతో ఏమొస్తుంది? సూచీ కూడా సగటే. అందులో కార్మిక కుటుంబం ఖర్చులుంటాయి. డెబ్బై దాటినవారి మందుల ఖర్చు దానిలో అంతగా కనిపించదు. అందుకే డి.ఆర్. వచ్చినా చాలడం లేదనిపించే సభ్యుల మాట వట్టి గొణుగుడు కాదు.

పాలేటి వంతెన మీద

ఈ మధ్య వేదాద్రి వెళ్లి స్వామి దర్శనం చేసుకుని, తిరుగు దారిలో చిల్లకల్లు మీదుగా జాతీయ రహదారి ఎక్కి గరికపాడు దాకా పోయాం. 2014 జూన్ 2 నుంచి అక్కడ మళ్లీ సరిహద్దు. కానీ ఇప్పుడు అటూ ఇటూ ఒకే రూపాయి. హాలీ లేదు, కల్దారు లేదు, షరాబు లేడు, వట్టం లేదు. అయినా పెట్రోలు ధర వంతెనకు ఇటు ఒకటి, అటు ఒకటి. 2017 జూలై 1 నుంచి వచ్చిన జి.ఎస్.టి.లో పెట్రోలు చేరలేదు. ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే. మారకపు రేటు ఒకటికి ఒకటే ఉన్నా ధర సమానం కాలేదు.

మా డ్రైవరు అబ్బాయి, "అటు పోయి పోయించుకుందాం సార్, తక్కువ" అన్నాడు. తాతయ్య బండి కట్టినట్టే వంతెన దాటి పోయించుకుని వచ్చాం. వచ్చే దారిలో ఆ అబ్బాయికి హాలీ, కల్దారు సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. మా మనవడికి ఈ వ్యాసం ప్రతి పంపుతున్నాను.

సభ్యుల ఇళ్లలో పాత హాలీ నాణేలు, ఓ.ఎస్. అని రాసిన జీతం కాగితాలు, రెండు రూపాయల్లో లెక్కలు రాసిన వ్యాపారపు చిట్టాలు ఉంటే పారేయవద్దు. మన కార్యాలయంలో చూపించండి. అవి మన తాలూకా చరిత్ర.